ఒళ్ళు దగ్గర పెట్టుకున్న మనిషి

పంజాగుట్ట మెట్రో దిగి, తను పనిచేసే రక్తపరీక్షల ల్యాబ్‌కి నడిచే ఆ కాస్త దూరానికే మంజూష అలిసిపోతుంది. రాత్రంతా గోక్కున్న మనిషికి పొద్దున్నే ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి? మోచేతుల మడతల్లో, మెడ వెనక, చిన్నప్పట్నుంచీ ఎగ్జిమా. పుట్టింట్లో దాన్ని గజ్జి అన్నారు. యూసుఫ్‌గూడలో పక్కవాటా ఆవిడ వేడి చేసిందంది. దాంతో మంజూష వంకాయ మానేసింది, గోంగూరా మానేసింది. గుంటూరు పిల్ల గోంగూర మానేయడమంటే మాటలా!

దురదకి తోడు మతిమరుపొకటి. పాలు పొంగబెడుతుంది, గొడుగు రైల్లో వదిలేస్తుంది, మాట మధ్యలో ఏం చెబుతోందో మర్చిపోతుంది. భర్త ఫణీంద్ర మంచివాడే, కానీ ఆయనా నీకు దేనిమీదా ధ్యాస ఉండదంటాడు. నవ్వుతూ అన్నా గుచ్చుకునేది గుచ్చుకుంటుంది.

ఆ వారం ఒకే పొద్దున ఇద్దరు రామ్మోహనరావులు వచ్చారు. ఇంటిపేర్లు వేరు. ట్యూబుల మీద పేర్ల చీటీలు అంటించేది మంజూషే. ఒకాయన రక్తానికి ఇంకొకాయన పేరు అంటించేసింది. రిపోర్టు బయటికి పోకముందే దొరికింది కాబట్టి సరిపోయింది, లేకపోతే షుగరు లేనాయన ఇన్సులిన్ పొడిపించుకునేవాడు. ఇంకొక్క తప్పు జరిగితే ఇక రానక్కర్లేదన్నారు మేనేజరు చలపతిరావు గారు. అరవకుండా అన్నారు, అందుకే ఎక్కువ భయమేసింది.

సాయంత్రం సోమాజిగూడలో చర్మం డాక్టరు అతియా గారు మందు రాస్తూ, మాటల్లో చీటీల పొరపాటు సంగతి విని ఆగి, బళ్ళో కూడా ఇలాగే ధ్యాస నిలిచేది కాదా, వస్తువులు పారేసుకునేవారా అని అడిగారు. అన్నిటికీ అవుననే చెప్పింది. పెద్దవాళ్ళలోనూ ధ్యాస నిలవని జబ్బు ఉంటుందనీ, ఇలాంటి చర్మం ఉన్నవాళ్ళలో అది కాస్త ఎక్కువగా కనబడుతోందని కొందరంటున్నారనీ, ఏది దేనివల్లో ఇంకా తేలలేదనీ చెప్పారావిడ. నిద్ర చాలకపోయినా అలాగే ఉండొచ్చు, ముందు మానసిక వైద్యుల దగ్గర పరీక్ష చేయించుకోమన్నారు. మంజూషకి కళ్ళనీళ్ళు తిరిగాయి. బద్ధకం అనకుండా మాట్లాడిన మొదటి మనిషి ఆవిడే.

మర్నాడు సంగతంతా చలపతిరావు గారికి చెప్పి, ఆ పరీక్ష అయ్యేదాకా ట్యూబు మీది పేరు పేషెంటు చేతే చదివించాక అంటిస్తానంది. ఆయన విసుక్కున్నారు.

"ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చేస్తే ఏ డాక్టరూ అక్కర్లేదమ్మా."

ఆ మాట ఆమెకి కొత్తేమీ కాదు. టీచర్లన్నారు, అత్తగారన్నారు, అన్నప్పుడల్లా తల వంచుకుంది. ఆ రోజు వంచుకునే ఓపిక కూడా లేకపోయింది.

"దగ్గరే ఉందండీ ఒళ్ళు. క్షణం వదలదు. అది కాస్త పక్కకి పోతేనే కదా, నేను పని వైపు చూసేది."

 పరీక్ష అయ్యేదాకా చీటీల జోలికి పోవద్దు, ఫోన్ల దగ్గర కూర్చోమన్నారు చలపతిరావు గారు. అడిగింది ఇవ్వలేదు, ఉద్యోగమూ తీసేయలేదు. మధ్యాహ్నానికల్లా మంజూషకి పిచ్చంట అని గుసగుసలు. నిన్నటిదాకా గజ్జి, ఇవాళ్టి నుంచి పిచ్చి. ఖర్మ!

ఫోను మోగింది, అప్పుడే మెడ వెనక దురదా మొదలైంది. ఎప్పుడూ బాత్రూములో తలుపేసుకుని గోక్కునే మనిషి, ఈసారి కుర్చీలోంచి లేవలేదు. ఒక చేత్తో ఫోనెత్తి, రెండో చేత్తో అందరి ముందే బరబరా గోక్కుంటూ, "చెప్పండి, వింటున్నాను" అంది.