నర్సమ్మ ఎడమచెయ్యి

మా పిన్నమ్మ మధ్యాహ్నం పెరుగన్నం కలుపుకుంటూ ఉండగా, సముద్రం ఒడ్డు పాలెం నుంచి ఒక గుంపు ఆడవాళ్లు గుండెలు బాదుకుంటూ వచ్చి ఆమె వాకిట్లో కూలబడ్డారు. నేను అప్పుడే నెల్లూరు నుంచి వచ్చి అరుగు మీద చెప్పులు విప్పుతున్నాను. రిపేరు చేయించి తెచ్చిన ఆమె చేతి గడియారం నా చొక్కా జేబులో ఉంది. దాన్ని బయటికి తీసే వ్యవధి కూడా లేకపోయింది.

పెరట్లో బియ్యం చెరుగుతున్న పిన్నమ్మ అత్తగారు ఆ ఏడుపు విని చేట అక్కడే వదిలి వచ్చింది. పోయింది ఎవరని అడగలేదు. ఏడుస్తూ వచ్చినవాళ్లను నిలబెట్టి ప్రశ్నలు వేయడం ఆ ఊళ్లో మర్యాద కాదు. ముందు వాళ్లతో కలిసి ఏడవాలి, సంగతి తర్వాత తెలుసుకోవాలి. ఆమె కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొదలుపెట్టింది. పిన్నమ్మ ఎంగిలిచెయ్యి అలాగే పట్టుకుని వాకిలి దగ్గరికి వచ్చింది. పాలెంలో ఎవరో బాలింత పోయిందనుకుని ఆమెకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. అందరూ ఏడుస్తున్నారు. ఎవరి కోసమో నాకైతే అర్థం కాలేదు.

చివరికి పిన్నమ్మే అడిగింది, అందరికంటే ముందు కూర్చున్న ఒక ముసలామెను. వలలు అల్లడంలో పాలెంలో పెద్దచెయ్యి ఆమెది.

“ఎవురవ్వా పొయింది?”

ముసలామె ఏడుపు ఆపి తేరిపార చూసింది. “అదేందమ్మా అట్టా అడగతావు? నీ మొగుడే గదమ్మా!”

“మా ఆయనా? ఎవురు చెప్పినారు?”

“ఎవురో చెప్పేదేంది తల్లా. నీ చెయ్యే చెప్పింది.”

అంతవరకూ మర్యాదకు ఏడుస్తున్న అత్తగారు ఆ మాట విని నిజంగానే గోడకు జారగిలబడింది. పోయాడంటున్నది ఆమె కొడుకునే.

పిన్నమ్మ తన ఎడమచెయ్యి చూసుకుంది. దాని మీద గాజులు లేవు. గడియారమూ లేదు.

ఆ చెయ్యి అలా ఎందుకుందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఇది అరవైల మొదట్లో సంగతి. మా పిన్నమ్మ పుట్టిల్లు సంగం. వరి పొలాల మధ్య పెరిగిన మనిషి. నర్సు చదువు చదివి, కృష్ణపట్నం దిగువన బకింగ్‌హాం కాలువ ఒడ్డు ఊళ్లో ప్రసూతి కేంద్రంలో చేరింది. చుట్టూ ఉన్న పాలేలకు ఆమె నర్సమ్మ. ఆమె భర్త, అంటే మా చిన్నాయన, ఉప్పు వర్తకుడి దగ్గర గుమాస్తా. ఉప్పు పడవలతో కాలువ వెంట మద్రాసు వెళ్లేవాడు. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే గట్టు మీద తాడు పట్టి లాగే మనుషులు. అందుకని ఫలానా రోజుకు వస్తాడని చెప్పడానికి వీలుండేది కాదు. పిన్నమ్మకు ఆ గడియారం మద్రాసులో కొని తెచ్చింది ఆయనే.

అప్పట్లో చేతి గడియారం అంటే మనిషికి ఒకటే. కొన్నాక జీవితాంతం కట్టుకునేవాళ్లు. అందువల్ల దాన్ని కట్టుకునే పద్ధతిలో మనిషి స్వభావం బయటపడేది. నేను నెల్లూరులో ఒక దినపత్రికకు వార్తలు పంపే పనిలో కొత్తగా కుదిరాను. బస్సుల్లో, ఆఫీసుల్లో, మీటింగుల్లో ఎదుటిమనిషి మాటల కంటే ముందు మణికట్టు చూడడం అలవాటైంది. బియ్యం మిల్లుల గుమాస్తాలు పట్టీ కింద చేతిరుమాలు మడిచి పెట్టుకునేవాళ్లు, చెమటకు తోలు చెడిపోకుండా. ప్లీడర్లు అద్దం లోపలివైపుకు తిప్పి కట్టేవాళ్లు. జడ్జీ ముందు చెయ్యెత్తి చూడకుండా, కాగితం తిప్పుతున్నట్టుగా టైము చూసుకోవచ్చు. కొత్త పెళ్లికొడుకులు మాత్రం మండువేసవిలో కూడా పొడుగుచేతుల చొక్కా వేసుకుని, ఎడమచేతి మడత ఒక్కటే పైకి లాగి ఉంచేవాళ్లు.

ఫొటో స్టూడియోలో ఒక గడియారం ఉండేది. అది నడిచేది కాదు, నడవనవసరం కూడా లేదు. ఫొటోకు కూర్చునే పెళ్లికొడుక్కి స్టూడియో యజమాని దువ్వెన, పౌడరు డబ్బా ఇచ్చి, తర్వాత ఆ గడియారం కట్టేవాడు. మా బంధువుల ఇళ్లల్లో గోడలకు వేలాడే పెళ్లి ఫొటోలన్నిటిలో ఒకే గడియారం, ఒకే టైము కనిపిస్తుంది.

సంగంలో మా మేనమామ కుడిచేతికి కట్టేవాడు. ఎడమచెయ్యి ఏయే పనులు చేస్తుందో అందరికీ తెలుసు, అంత ఖరీదైన వస్తువును తీసుకుపోయి దానికి కట్టడమేమిటని ఆయన వాదం. మడిలోకి దిగేటప్పుడు దాన్ని మోచేతి పైకి తోసి తలగుడ్డ అంచుతో బిగించుకునేవాడు. చిల్లకూరు వైపు పశువుల సంతలో బేరగాళ్లు బేరానికి కూర్చునే ముందు గడియారం విప్పి రొండిన పెట్టుకునేవాళ్లు. తువ్వాలు కింద వేళ్లతో ధర చెప్పుకునేటప్పుడు మధ్యలో ఆ పట్టీ తగిలితే లెక్క తప్పుతుందని భయం.

ఆడవాళ్ల గడియారాలు అరుదు. ఉన్నవి చింతగింజంత. వాటికి సెకన్ల ముల్లు ఉండేది కాదు. పిన్నమ్మకు కావలసింది ఆ ముల్లే. నాడి చూడాలన్నా, కడుపులో బిడ్డ గుండె కొట్టుకోవడం లెక్కపెట్టాలన్నా అది లేకపోతే కుదరదు. అందుకని చిన్నాయన మగవాళ్ల గడియారం తెచ్చాడు. సన్నటి ఆమె చేతి మీద అది అప్పచ్చిలా ఉండేది. వీధిలో ఆడవాళ్లు, “నర్సమ్మా, మీ ఆయన వాచీ ఎత్తుకొచ్చినావా?” అని ఏడిపించేవాళ్లు. ఆమె నవ్వి, “ఆయనే నాది కట్టుకుంటా ఉండాడు” అనేది.

మొదట్లో గడియారమూ మట్టిగాజులూ ఒకే చేతికి వేసుకుంది. ఉక్కు అంచుకు తగిలి వారానికో గాజు చిట్లేది. గాజు చిట్లినప్పుడల్లా అత్తగారు పడవల దారివైపు చూసి దండం పెట్టుకునేది. ఈ చిట్లడం చూడలేక పిన్నమ్మ ఎడమచేతి గాజులు సబ్బు రాసి ఒక్కొక్కటే తీసి పెట్టెలో పెట్టేసింది. కుడిచేతికి మామూలుగానే ఉంచుకుంది, కాన్పు సమయంలో వాటిని పైకి తోసి గుడ్డ కట్టేది. అత్తగారికి ఇది నచ్చలేదు. కాని ఎడమచేతిని గడియారం కప్పి ఉంచినంత కాలం పైకి ఏమీ అనలేదు.

సముద్రపు గాలికి గడియారం లోపల తుప్పు పట్టి ఆగిపోయింది. పిన్నమ్మ దాన్ని నెల్లూరు పంపింది. నేను దాన్ని తిరిగి తెచ్చే ముందురాత్రే పాలెంలో ఒక కష్టమైన కాన్పు వచ్చింది. తల్లీబిడ్డా దక్కారు. తెల్లవారాక ఆమె మొహం కడుక్కుని పడవలో కాలువ దాటింది. చెమటకు కొంత, నీళ్లకు కొంత నుదుట బొట్టు పోయింది. కుడిచెయ్యి మందుల సంచిని పట్టుకుని కొంగు కింద ఉంది. ఎడమచెయ్యి పడవ అంచు మీద, అందరికీ కనిపించేలా ఉంది. గట్టు మీద వలలు ఆరబెడుతున్న ఆడవాళ్లు అది చూశారు. ముందురోజు గాలి గట్టిగా వీచింది. మద్రాసు వెళ్లిన ఉప్పు పడవ రాలేదు. బొట్టు లేదు, గాజులు లేవు. వాళ్లు చూసిన వాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. అన్నీ నిజాలే అయినా కలిపి చదివితే తప్పుడు వార్త తయారవుతుందని మా ఆఫీసులో పెద్దవాళ్లు తరచూ చెప్పేవాళ్లు. నాకది కళ్లారా కనిపించింది ఆ రోజే.

వచ్చినవాళ్లకు పిన్నమ్మ సంగతంతా విడమరిచి చెప్పింది. నేను గడియారం తీసి సాక్ష్యంగా చూపించాను. వాళ్లు కళ్లు తుడుచుకుని, ఒకళ్లనొకళ్లు తిట్టుకుని, సిగ్గుపడి లేచారు. అత్తగారు మాత్రం లేవలేదు.

“అబయా, ముందా ముదనష్టపుదాన్ని లోపల పెట్టు” అంది నాతో. కోడలి వైపు తిరిగి, “గాజులామెను పిలిపీ. వాడు వచ్చి ఈ గడప తొక్కేదాకా నేను నమ్మను” అంది.

“అత్తా, ఆయన బాగానే ఉండాడు. పడవ రాలా, అంతే గదా?”

“రాలేదు గాబట్టే చెప్తుండా.”

పిన్నమ్మ గాజులామెకు కబురు పంపింది. గాజులు వేయించుకుంది. గడియారం బొడ్లో దోపుకుని కాన్పులకు వెళ్లింది. అది ఒకచోట బకెట్లో పడబోయింది. ఇంకోచోట మనిషి నొప్పులు పడుతుంటే దాన్ని వెతుక్కోవలసి వచ్చింది.

చిన్నాయన నిక్షేపంగా తిరిగివచ్చాడు, ఉల్లిపాయల మూటతో. “నేను పొయిన సంగతి ఊరంతా తెలిసిందంటనే! నాకే ఎవురూ చెప్పలా” అని నవ్వాడు. ఉప్పు పడవ దిగిన కొడుక్కి తల్లి మళ్లీ ఉప్పుతోనే దిష్టి తీసింది. తీసి, దోసిట్లో ఉప్పు నీళ్లలో కలిపేసి వచ్చి, కోడలితో చెప్పింది.

“వాడు వచ్చినాడు, నాకంతే చాలు. ఇంక ఆ వాచీ మాటెత్తబాక.”

“వాచీ లేకుండా నేను కాన్పుకు పోను అత్తా. దాన్ని తీసేయమంటే ఉద్యోగం తీసేయమన్నట్టే.”

“మానుకో అయితే. నీ జీతంతోనే ఉడకతా ఉందా ఈ ఇంట్లో కుండ?”

చిన్నాయన ఇద్దరి మధ్యా కూర్చుని తన గడియారానికి కీ ఇచ్చుకుంటున్నాడు. కీ నిండిపోయినా తిప్పుతూనే ఉన్నాడు. పిన్నమ్మ ఆ నెలాఖరుకు ఉద్యోగం వదిలేస్తానని తేల్చి చెప్పింది. కోపంతో కాదు. సగం చేతులతో ఆ పని చేయలేనంది.

ఈ మాట కాలువ దాటి పాలెం చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. అక్కడ నెలలు నిండినవాళ్లు ఉన్నారు. వలలల్లే ముసలామె మళ్లీ వచ్చింది, ఈసారి ఏడవకుండా. అరుగు కింద కూర్చుని కొంగు ముడి విప్పింది. అందులో తెల్ల నూలుతో వల ముడులు దగ్గర దగ్గరగా వేసి అల్లిన ఒక పట్టీ ఉంది, గడియారానికి సరిపడేంత. పసుపులో నానబెట్టి ఆరబెట్టింది.

“ఆ పొద్దు నోరు జారింది మేము గదా. మా తప్పుకు నర్సమ్మ ఎందుకు పోవాల? ఇది పసుపుతాడమ్మా. తోలు గాదు. ఇది కట్టిన చెయ్యి బోసిచెయ్యి ఎట్టయిద్ది?”

అత్తగారు దాన్ని దూరం నుంచే చూసింది. “వల నూలుకు పసుపు పూస్తే పసుపుతాడయిద్దా?”

“మెడలో కట్టేది మటుకు యాడ నూలు? అదీ పత్తిలోంచి వచ్చిందే గదా.”

అత్తగారు దగ్గరికి వచ్చింది. గడియారం మీద ఆమెకు మొదటినుంచీ ఉన్న రెండో ఫిర్యాదు ఆ తోలు పట్టీ. దాన్ని కట్టుకుని వంటింట్లోకి రానిచ్చేది కాదు. పట్టీని చేతిలోకి తీసుకుని, ముడి బిగువుగా ఉందో లేదో లాగి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

“చేపల వాసన రాదు గదా?”

“కొత్త నూలమ్మా. ఇంకా నీళ్లే చూళ్ళా.”

ఆమె దాన్ని కోడలి ఒళ్లో పడేసి ఎసరు పెట్టడానికి లోపలికి వెళ్లిపోయింది. సరే అనలేదు, వద్దనీ అనలేదు. పిన్నమ్మ మళ్లీ సబ్బు తెచ్చుకుంది.

ఆ పసుపు పట్టీతో ఆమె చాలా ఏళ్లు పనిచేసింది. రంగు వెలిసినప్పుడల్లా పాలెం నుంచి కొత్తది వచ్చేది. నెల్లూరులో గడియారాలు బాగుచేసే ఆయన దాన్ని విప్పినప్పుడల్లా, “మీ పిన్నమ్మ వాచీలో నూనె బదులు పసుపు పోస్తుందా ఏంది?” అని నన్ను సతాయించేవాడు. ఊళ్లో పంతులమ్మ కూడా అలాంటిదే ఒకటి అల్లించుకుంది. ఇంట్లో టైము కావలసినప్పుడు అత్తగారు గోడ గడియారం వంక చూడ్డం మానేసి, “అమ్మాయ్, ఎంతయింది?” అని కోడల్నే అడిగేది. కాని ఆ చేతికి గాజులు లేకపోవడాన్ని ఆమె ఒప్పుకున్నట్టు ఒక్కమాట ఎవరూ వినలేదు.

పండగకు గాజులామె వచ్చినప్పుడల్లా కోడలికి రెండు చేతులకూ సరిపడా కొనేది. కుడిచేతివి పిన్నమ్మ వేయించుకునేది. ఎడమచేతివి అత్తగారు పాత తెరచాప గుడ్డలో చుట్టి ఒక రేకుపెట్టెలో దాచేది.  అత్తగారు పోయాక ఆ పెట్టె తెరిస్తే ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఏ పండగవి ఆ పండగకు విడివిడిగా కట్టి ఉన్నాయి. ముత్తైదువ కోసం కొన్న గాజులు పారేయకూడదని కొందరు, ఒకరి పేరున కొన్నవి ఇంకొకరు వేసుకోకూడదని కొందరు అన్నారు. పిన్నమ్మ మాత్రం ఏదీ తేల్చలేదు. ఆ రేకుపెట్టె ఇప్పుడు ఆమె పెద్దకోడలి ఇంట్లో ఉంది. అందులోని గాజులు ఇంతవరకూ ఎవరూ వేసుకోలేదు, ఎవరికీ ఇవ్వలేదు.