జంతికల డబ్బా మూత

ఆ చలికాలం మంచు వల్ల డెట్రాయిట్ ఎయిర్‌పోర్ట్‌లో నా ఫ్లైట్ లేటయింది. పక్క సీట్లో ఒక తెలుగాయన, రెండున్నరేళ్ళ కొడుకుతో. పిల్లాడి చేతిలో జంతికలున్న ప్లాస్టిక్ డబ్బా. మూత రావట్లేదని గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. తండ్రేమో చేతులు కట్టుకుని చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఇటివ్వు నాన్నా, నేను తీస్తా" అని చెయ్యి చాపాను.

"వద్దు ఆంటీ, ప్లీజ్. వీడికింకా మాటలు రాలేదు. ఏదో ఒకలా అడగడం నేర్పమని ఇంటికొచ్చే థెరపిస్ట్ చెప్పింది. మేమేమో అడక్కముందే అన్నీ చేతికిచ్చేస్తాం. మూడేళ్ళు నిండితే ప్రీస్కూల్‌కి వెళ్ళాలి. అక్కడ మేముండం కదా."

కాసేపటికి పిల్లాడు ఏడుపాపి, డబ్బా తండ్రి ఒళ్ళో పెట్టి ఆయన మొహంలోకి చూశాడు. ఆయన వెంటనే మూత తీసి, ఒక్క ముక్క ఇచ్చి, మళ్ళీ బిగించేశాడు.

"మళ్ళీ అడగాలిగా" అన్నాడు నాతో. "నన్నూ వాళ్ళమ్మనీ అడుగుతాడు. బయటివాళ్ళ వైపు అసలు చూడడు."

ముక్క అయిపోయింది. పిల్లాడు డబ్బా తీసుకుని సీటు దిగాడు. తండ్రి చేతులు చాపినా ఆగకుండా వచ్చి, దాన్ని నా ఒళ్ళో పెట్టి, తలెత్తి నా కళ్ళలోకి చూశాడు.

నేను కదల్లేదు. ఇంకేదైనా చేస్తాడేమోనని ఆగాను.

"తీయండి ఆంటీ!" తండ్రి లేచి నిలబడ్డాడు. "అడిగాడు! మిమ్మల్నే అడిగాడు!"

ఇన్నేళ్ళలో ఎన్ని డబ్బాల మూతలు తీశానో. దీన్ని మాత్రం తీసి, ఒక్క ముక్క వాడి చేతిలో పెట్టి, మళ్ళీ బిగించేశాను.