డాక్టర్ల వీపుల మీద డచ్ పాఠం

డచ్ వాళ్ల దేశంలో మనవాళ్లు పెట్టిన ఆ కుట్టు కార్ఖానాలో కత్తెర బాబాయి అందరికీ బాబాయే, ఆయనకంటే పదేళ్లు పెద్దవాడైన ఓనరుకి కూడా. ముప్పయ్యేళ్లుగా బట్ట కత్తిరించడమే ఆయన పని. ఒక కన్ను మూసి ఎదుటి మనిషిని చూశాడంటే భుజం ఎంతో, పొట్ట ఎంతో, ఆ పొట్ట గురించి ఆ మనిషి ఎన్ని అబద్ధాలాడతాడో కూడా చెప్పేసేవాడు.

అలాంటివాడి నెత్తిన యాభై ఎనిమిదో ఏట పిడుగు పడింది. కొలతలకి వచ్చేవాళ్లంతా డచ్ మాట్లాడేవాళ్లు. వాళ్లతో మాట్లాడే గుమాస్తా పని మానేశాడు.

"ఇక కొలతలు కూడా నువ్వే తియ్యాలి బాబాయ్. నాలుగు నెలలు టైమిస్తున్నా. ఆ భాష రాకపోతే నీ బల్ల దగ్గరికి ఇంకొకర్ని చూసుకోవాలి, తిట్టుకోకు," అన్నాడు ఓనరు.

సాయంత్రం క్లాసులో టీచరమ్మ బోర్డు మీద నాలుగు మాటలు రాసింది. 'కాన్' అంటే చేయగలను. 'మాఖ్' అంటే చేయొచ్చు, అనుమతి ఉంది. 'మూట్' అంటే చేసి తీరాలి. 'విల్' అంటే చేయాలనుంది. "ఇవి ముందొస్తాయి. అసలు పని మాట మన భాషలోలాగే వాక్యం చివర కూర్చుంటుంది," అంది. 'ఇక్ మూట్ దె యాస్ మాకెన్.' నేను ఆ కోటు కుట్టి తీరాలి.

కాగితం మీద రాసిందేదీ బాబాయి బుర్రకి ఎక్కదు. బట్ట మీద రాస్తేనే ఒంటబట్టేది. కార్ఖానాలో గుర్తులు పెట్టే నీలం పెన్ను ఒకటుంది. ఇస్త్రీ వేడి తగిలితే దాని సిరా మాయమైపోతుంది. ఆస్పత్రికి నలభై తెల్లకోట్ల ఆర్డరు నడుస్తోందేమో, వీపు ముక్కకొక వాక్యం చొప్పున నలభై వాక్యాలు రాసి పారేశాడు.

"కోట్ల మీద ఆ పిచ్చిరాతలేంటండీ, ఎవరైనా చూస్తే?" అంది భార్య.

"ఇస్త్రీ పడ్డాక దేవుడు కళ్లద్దాలు పెట్టుకున్నా కనపడవే!"

తెల్లబట్టకి లోపలివైపు, పైవైపు అని తేడా లేదు. రాసిన వైపే పైకి పెట్టి కుట్టేశారు. ఇస్త్రీ పడింది, రాత పోయింది, మూటలు వ్యానెక్కాయి. గడ్డకట్టే చలిలో ఆ వ్యాను రెండురోజులు బయటే ఉండిపోయింది. ఆ చలికి సిరా మళ్లీ బయటపడుతుందని పెన్ను అమ్మినవాడు చెప్పలేదు.

మూడోరోజు కోట్లు ఆస్పత్రిలో దించి, వ్యాను డ్రైవరు రొప్పుతూ వచ్చాడు. "కొంప మునిగింది! డాక్టర్ల వీపుల మీద ఏదో రాసుందట!"

ఓనరు ముఖం అస్తరు గుడ్డలా పాలిపోయింది. "వెళ్లు బాబాయ్. ఆ కోట్లు తిరిగొచ్చాయంటే నువ్వు మాత్రం రాకు."

బాబాయి ఆస్పత్రి వరండాలో అడుగుపెట్టాడు. ముందు నడిచిపోతున్న పెద్ద సర్జన్ వీపు మీద తన చేతిరాత: 'ఇక్ కాన్ హెట్ నీట్.' ఇది నాకు చేతకాదు. ఆయన వెనకే మత్తుమందు డాక్టరు: 'ఇక్ విల్ స్లాపెన్.' నాకు నిద్రపోవాలనుంది. కాలికి కట్టుతో ఉన్న ముసలాయన ఒకడు సర్జన్ వీపు చదివి, ఒంటికాలి మీద గెంతుతూ లిఫ్టు దాకా పారిపోయాడట. ఇద్దరు నర్సులు మోసుకొచ్చారు.

హెడ్ నర్సు నడుం మీద చేతులేసుకుని ఎవరిదీ నిర్వాకం అని డచ్‌లో అడిగింది.

"ఇక్," అన్నాడు బాబాయి. నేనే. ఎలాగో మాటలు కూడదీసుకుని, "మాఖ్ ఇక్ స్ట్రయికెన్?" అన్నాడు. ఇస్త్రీ చెయ్యొచ్చా?

ఆమె ఇస్త్రీపెట్టె తెచ్చిచ్చింది. ఒక్క రుద్దుకి రాత మాయం! హెడ్ నర్సు నోరు వెళ్లబెట్టింది. మిగతావీ రుద్దేసి ఇంటికి పోవచ్చు. బాబాయికి ఆ ఆశ పుట్టింది కూడా. కానీ కిటికీలోంచి ఒక డాక్టరు మంచులో కారు దగ్గరికి నడుస్తూ కనిపించాడు. పోయిన రాత ఎందుకు తిరిగొచ్చిందో అప్పుడు వెలిగింది. రేపు మళ్లీ వస్తుంది.

"నీట్," అని తల అడ్డంగా ఊపాడు. "హెట్ కాన్ తెరుఖ్‌కోమెన్." అది మళ్లీ రాగలదు. వీపు ముక్క చూపించి, కత్తెర తీసి, "ఇక్ మూట్ న్యూవ్ మాకెన్," అన్నాడు. కొత్తవి చేసి తీరాలి.

ఆమె దుప్పట్ల గది తలుపు తీసి చూపించింది. "ఊ మాఖ్ హీర్ వెర్కెన్," అంది. మీరిక్కడ పని చేసుకోవచ్చు.

నాలుగురోజులు దుప్పట్ల గదిలో కూర్చుని నలభై వీపులూ మార్చాడు. నాలుగోరోజు ఓనరు వచ్చాడు. హెడ్ నర్సు గబగబా ఏదో చెప్పుకుపోతుంటే బిక్కచచ్చిపోయి, "ఏమంటోంది బాబాయ్? కోర్టా? పోలీసులా?" అన్నాడు.

బాబాయి కళ్లు పెద్దవి చేసుకుని నిలబడిపోయాడు. ఆమె చెప్పిందంతా తనకి అర్థమైపోయింది.

"ఇంకో అరవై కోట్లు కావాలట. కొలతలు నేనే తియ్యాలట, నేనే కత్తిరించాలట. 'మూట్' అని రెండుసార్లంది."

ఓనరు అక్కడున్న చక్రాల కుర్చీలో కూలబడ్డాడు.