పేరు చెరపని మనిషి

ఆస్ట్రేలియాలోని డార్విన్ ఊరి ఆస్పత్రిలో నాతో నర్సుగా చేసిన ఓ ఫిలిపినో పెయింటర్ ఎవరి బొమ్మ వేసినా, పైన వాళ్ల పేరు ఇంతింత అక్షరాలతో రాసేవాడు. అతని నాన్న మనీలాలో ప్యాసింజర్ జీపులకు రంగులేసి, బొమ్మలు గీసేవాడట. అక్కడ జీపు నుదుటి మీద ఓనర్ పిల్లల పేర్లు రాయించుకోవడం ఆనవాయితీ.

ఒకసారి మా వార్డు తుడిచే పెద్దావిడ బొమ్మ వేశాడు. అతని బొమ్మలతో షో పెడతానన్న గ్యాలరీ ఆవిడ చూసి, "బొమ్మ బావుంది. పేరు తీసెయ్, సైన్‌బోర్డులా ఉంది," అంది. అతను కుంచె ఎర్రరంగులో ముంచి, ఆవిడ ఎదుటే అక్షరాలు ఇంకా లావుగా దిద్దాడు.

"షో పోతుంది కదయ్యా!" అన్నాను.

"పోనీ. మా నాన్న బొమ్మలు ఏ గోడా ఎక్కలేదు. ఊరంతా తిరిగాయి."

మర్నాడు దాన్ని కారు మీద కట్టుకుని డ్యూటీకొచ్చాడు. పార్కింగ్‌లో పెద్దావిడ తన పేరు పైకి చదువుకుంది. పదేళ్లుగా ఆవిణ్ని క్లీనర్ అంటూ వచ్చిన నేను, ఆ రోజు మొదటిసారి పేరుతో పిలిచాను.