సర్వరమ్మ పెంచిన హద్దు

ఆసుపత్రిలో అందరూ ఆమెను సర్వరమ్మ అంటారు. రక్తపరీక్షల ఫలితాలన్నీ దాచే డేటాబేసు సర్వరు బాగోగులు చూసేది ఆమే. ఒకప్పుడు అదే ల్యాబులో సీసాలకు చీటీలు అంటించేది. అంతకుముందు సర్వరు చూసుకున్న మనిషి రిటైరవుతూ, ఓపికగలదని ఈమెకు పని నేర్పి వెళ్లాడు. ఆయన్ని ఆమె బాబాయ్ అని పిలుస్తుంది.

కరెంటు పోయి వచ్చిన మర్నాడు, ల్యాబు ముందు జనం కిక్కిరిసి ఉండగా డేటాబేసు మొరాయించింది. తెరిచిన ఫైళ్లు మరీ ఎక్కువయ్యాయని తెరమీద ఒకటే గోల. ఒకేసారి ఎన్ని ఫైళ్లు తెరవవచ్చో ఆపరేటింగ్ సిస్టమ్ హద్దు పెడుతుందని ఆమెకు తెలుసు. ఆ హద్దులు రాసే ఫైలు చూస్తే, బాబాయ్ ఎప్పుడో పెద్ద అంకె వేసి ఉంచాడు. ఎందుకైనా మంచిదని ఇంకా పెంచింది. మళ్లీ లాగిన్ అయి అడిగితే సిస్టమ్ కొత్త అంకే చూపింది. హమ్మయ్య అనుకుని డేటాబేసును ఆపి మొదలుపెట్టింది.

కాసేపు నడిచి మళ్లీ చతికిలబడింది.

"ఏమైందమ్మా? బయట జనం నా పీక మీద కూర్చున్నారు," ల్యాబు టెక్నీషియన్ తలుపులోంచి తొంగిచూశాడు.

"పెంచాను అన్నయ్యా. పెరిగిందని అదే చెబుతోంది, చాలట్లేదని కూడా అదే చెబుతోంది!"

"మరి ఏది నిజం?"

వేరే సర్వరులో గానీ దూరానా అని దాని పేరు కూడా సరిచూసుకుంది. బుర్ర తిరిగిపోయి బాబాయ్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

"నువ్వు అడిగింది నీ లాగిన్ హద్దు తల్లీ. నడుస్తున్న డేటాబేసుది చూశావా?"

చూసింది. చిన్న అంకె!

"మరి ఇన్నాళ్లూ ఎలా నడిచింది?"

"నేను లాగిన్ అయి చేత్తో మొదలుపెట్టాను. నా హద్దే దానికీ వచ్చింది. కరెంటు వచ్చాక సిస్టమే లేపి ఉంటుంది. ఇప్పుడు నువ్వు చెప్పినా లేపేది సిస్టమే, అది ఆ ఫైలు చూడదు. డేటాబేసును లేపే సర్వీసు సెట్టింగుల్లో విడిగా రాయాలి. చెప్పలేదా నీకు?"

"లేదు బాబాయ్."

"చెప్పాననే అనుకున్నానే!"

అక్కడ రాసి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి డేటాబేసు హద్దే పెరిగింది. ప్రింటరు ఫలితాలు కక్కసాగింది.

"ఇంతకీ ఏమైందట?" అన్నాడు టెక్నీషియన్.

ఆమె వివరించడం మొదలుపెట్టింది గానీ, ఎవరి హద్దు ఎవరికి వచ్చిందో చెప్పబోయి మధ్యలో తనే తడబడింది. అతను అర్థమైనట్టు తలూపి వెళ్లిపోయాడు. ఆమె డేటాబేసు హద్దు మరోసారి అడిగింది. పెద్ద అంకే. అయినా కుర్చీలోంచి లేవడానికి మనసొప్పలేదు.