పాలసొర మూట వెంట వచ్చిన కుక్కలు

నా చిన్నప్పుడు నాకు కుక్కలంటే భయం ఉండేది కాదు, మా సందువి కాని కుక్కలంటేనే భయం. ఈ తేడా చెబితే మా మనవలు నవ్వుతారు, కుక్క ఎక్కడున్నా కుక్కే కదా అంటారు. మా ఇల్లు కలకత్తాలో, ఏక్‌బాల్‌పూర్‌లో, రేవుకి దగ్గరగా ఉండేది. నాన్న, మావయ్య ఇద్దరూ ఆ రేవు డాకులో ఓడల బస్తాలు మోసేవారు. సందులో ఎక్కువమంది మా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళే. ఎండుచేపలు బాగుచెయ్యడానికి అమ్మ గుమ్మంలో కూర్చుంటే చాలు, సందులో కుక్కలన్నీ వచ్చి బుద్ధిగా ముందు చేరేవి. తలకాయలు తుంచి విసిరితే నోటితో అందుకుని వేటి మూలకి అవి పోయేవి. వాటి తోకలు తొక్కి ఆడుకున్నదాన్ని నేను.

సందు దాటితే మాత్రం నా ప్రాణం నా చేతిలో ఉండేది కాదు. దానికి కారణం ఉంది. మా సందు చివరి ఇంట్లో నా ఈడు కుర్రాడొకడు గాలిపటం వెంట పరిగెత్తుకుంటూ పక్క వీధిలోకి పోయాడు. అక్కడ ఏదో కుక్క వాడి పిక్క పట్టుకుంది. చిన్న గాటు. ఇంట్లోవాళ్ళు కారం అద్ది, ఏదో ఆకుపసరు కట్టి ఊరుకున్నారు. గాటు మానిపోయింది. దాని సంగతి అందరూ మరిచిపోయాక, ఒక పొద్దున వాళ్ళమ్మ గ్లాసుతో నీళ్ళిస్తే వాడు పెట్టిన కేక మా ఇంటిదాకా వినబడింది. రిక్షాలో పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. తిరిగి తీసుకురాలేదు. పిచ్చికుక్క కరిస్తే నీళ్ళు చూసినా అలాగే బెదురుతారని సందులో చెప్పుకున్నారు. ఆ తరవాత సందు బయట కుక్క కనబడితే వచ్చిన దారినే వెనక్కి తిరిగేదాన్ని.

ఆ ఏడే మా తమ్ముడు పుట్టాడు. అమ్మకి పాలు పడలేదు. వాడు ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుని పిల్లికూనలా మూలిగేవాడు. డబ్బాపాలు వాడి ఒంటికి పడలేదు. మా వైపు బాలింతలకి పాలసొర పెడతారు. అదొక రకం సొరచేప. పచ్చిది దొరక్కపోతే ఎండబెట్టింది పులుసు పెట్టినా సరే, పాలు పడతాయని గట్టి నమ్మకం. కలకత్తాలో ఎంత వెతికినా అది దొరకలేదు. కబురందుకుని మా అమ్మమ్మే పాలసొర మూట కట్టుకుని రైలెక్కేసింది.

ఆవిడ దిగే రోజుకి కలకత్తాలో బంద్ పిలుపు ఇచ్చారు. ఆవిడకి తెలియజేసే దారి లేదు. నాన్న అమ్మ దగ్గర ఉండిపోయాడు. మావయ్య నన్ను వెంటబెట్టుకుని తెల్లవారుతూనే ఎవరిదో లారీ ఎక్కి హౌరా స్టేషన్‌కి తీసుకెళ్ళాడు. రైలు వచ్చింది, అమ్మమ్మ దిగింది. తిరిగి రావడానికి ట్రాము లేదు, బస్సు లేదు, పడవ కూడా లేదు. ఇక నడకే.

మావయ్య ట్రంకుపెట్టె ఎత్తుకున్నాడు. అమ్మమ్మ బియ్యం, చింతపండు ఉన్న గంప తలకెత్తుకుంది. ఊరూరా తిరిగి చేపలమ్మిన మనిషి కాబట్టి ఆ గంప ఆవిడకి లెక్కలోది కాదు. పాలసొర మూట తేలిక, దాన్ని నా నెత్తిన పెట్టారు. మా అమ్మకి పాలు తెస్తున్నది నేనేనని నాకు ఎంత గొప్పగా అనిపించిందో చెప్పలేను. తమ్ముడి ప్రాణమంతా ఆ గోనెగుడ్డలోనే ఉందనుకుని రెండు చేతులతో పట్టుకుని నడిచాను.

వంతెన దాటి చాలా దూరం వచ్చాం. ఎండ నడినెత్తికి వచ్చింది. బంద్ రోజున కలకత్తా చూడనివాళ్ళకి ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. దుకాణాల తలుపులన్నీ మూసేసి ఉన్నాయి. రోజూ బళ్ళు తిరిగే రోడ్డు నడిమధ్యలో కుక్కలు కాళ్ళు చాపుకుని పడుకున్నాయి. మావయ్యకి అడ్డదారుల పిచ్చి. మా పేటని ఆనుకున్న ఖిదిర్‌పూర్ ఇంకా కొంత దూరముందనగా, ఇలా పోతే తొందరగా తేలతామని మమ్మల్ని ఒక ఇరుకు వీధిలోకి తిప్పాడు. ఆ వీధి మేమెవ్వరం ఎరగం.

మొదట ఒకటే లేచింది, ఎర్రటి కుక్క. అది మొరగలేదు. మొరిగితే నాకు కొంత నయంగా ఉండేది. తల కిందికి దించి, నా నెత్తిమీది మూటవైపు ముక్కు ఎగబీలుస్తూ వెనకే రావడం మొదలుపెట్టింది. తెలిసిన కుక్కయితే అది కోపమో ఆకలో ఇట్టే పోల్చుకుంటాం. ఇది ఏమనుకుంటోందో నాకు ఒక్క ముక్క తెలియలేదు. చివరింటి కుర్రాడి కేక నా చెవిలో మళ్ళీ వినబడింది. నా నడక వెనకబడేసరికి అమ్మమ్మ వెనక్కి తిరిగింది.

మావయ్య నవ్వాడు. "ఏటే గుంటా, దీనికే బయమా? మన సందులో కుక్కల్లాటిదే కదేటి ఇది" అంటూ పెట్టె దించి, నా మూటలోంచి ఒక ముక్క లాగి దానికి విసిరాడు. మా సందులో అందరం చేసేదే అది. ముక్క పడితే కుక్క పోతుంది, అంతవరకే మాకు తెలుసు.

ఆ వీధిలో అలా జరగలేదు. ఎర్రకుక్క ముక్క మీద పడ్డంతలో, గుమ్మాల కిందనుంచి, తోపుడుబండి కిందనుంచి, ఎక్కడెక్కడినుంచో కుక్కలు లేచి వచ్చాయి. ఆ ముక్క కోసం ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. అది అయిపోయాక అన్నీ కలిసి మావైపు తిరిగాయి. మావయ్య ఇటుకముక్క తీసి చెయ్యెత్తాడు. అంతే, ఎర్రకుక్క ఎగిరింది. మావయ్య పరుగెత్తాడు. బస్తా మీద బస్తా మోసే మనిషి, మా సందులో అందరికీ ధైర్యం చెప్పే మనిషి, చెప్పులు వదిలేసి పరుగెత్తడం నేను చూశాను. వీధి మలుపులో అది ఆయన పిక్క పట్టుకుంది.

నేనూ పరుగెత్తబోయాను. అమ్మమ్మ నా మణికట్టు పట్టేసుకుంది. ఎప్పుడు దించిందో, గంప నేలమీద ఉంది. మా చుట్టూ మిగిలిన కుక్కలు పళ్ళు బయటపెట్టి గుర్రుమంటున్నాయి. వాటి వేడి ఊపిరి నా మోకాళ్ళకి తగులుతోంది. నా లాగు తడిసిపోయింది.

"పరిగెట్టకు. ఆటి కళ్ళల్లోకి సూడకు, నేలకాసి సూడు" అంది అమ్మమ్మ, పెదవి కదిలిందో లేదో అన్నట్టు. "అమ్మమ్మా, బయమేస్తంది" అన్నాను. "నాకూ ఏస్తందే. ఏయనీ. కాళ్ళకి మాత్రం సెప్పకు" అంది.

ఆ తరవాత మూట మీద చెయ్యి వేసింది. నేను వదల్లేదు. అది తమ్ముడి పాలు. ఇంట్లో మూలుగుతున్న వాడి నోరు నా కళ్ళముందు ఉంది. ఆవిడకి మాత్రం కనబడలేదా? కూతురి కోసం అంత దూరం ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన మూట అది. అయినా నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, మూట తీసి, తొందర లేకుండా వంగి రోడ్డు మీద పెట్టింది. నన్ను తన పక్కకి తిప్పుకుని, వాటికి వీపు చూపించకుండా, పక్కవాటుగా అడుగులో అడుగు వేయించింది. కుక్కలు మూట మీద పడ్డాయి. గోనెగుడ్డ చిరిగిన చప్పుడు ఇప్పటికీ నాకు వినబడుతూనే ఉంటుంది.

అప్పుడొక తలుపు తెరుచుకుంది. ఒక బెంగాలీ అమ్మ గుమ్మంలోకి వచ్చి, "ఏయ్ లాలూ! ఎదికే ఆయ్!" అని, ఇటు రమ్మని కేకేసింది. మావయ్యని కరిచిన ఆ ఎర్రకుక్కే, తోక ఊపుకుంటూ వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆవిడ దాని నెత్తిన ఒక్కటిచ్చింది. అది చెవులు వెనక్కి పెట్టి దెబ్బ తింది. ఇంతసేపూ నాకు యముడిలా కనబడినది ఆవిడ గుమ్మంలో వట్టి వీధికుక్క.

ఆవిడ మలుపు దగ్గరున్న మావయ్యని పిలిచి, అరుగు మీద కూర్చోబెట్టి, సబ్బుతో గాయం ఎంతోసేపు కడిగించింది. "దాదా, ఆస్పత్రికి వెళ్ళు, నాటువైద్యం పెట్టుకోకు" అని అన్నకి చెప్పినట్టు మరీ మరీ చెప్పింది. మూట సంగతి నా ఏడుపులోంచి తెలుసుకుని, లోపలికి వెళ్ళి నల్లజీలకర్ర పొట్లం కట్టి తెచ్చింది. వాళ్ళలో బాలింతలకి అదే పెడతారట. నేను పొట్లం అందుకున్నాను కాని, ఆ కుక్క కూర్చున్నవైపు పోలేదు. "ఏం చెయ్యదమ్మా, మంచిది" అని ఆవిడ అంటుంటే అమ్మమ్మ నన్ను తన వెనక్కి లాక్కుంది.

దారిలో మావయ్య కుంటుతూ, అంత మంచి కుక్కకి మనమీద అంత పగేమిటని వాపోయాడు. అమ్మమ్మ కోపంగా, "ఆయమ్మకి ఆటి పేర్లు తెలుసు. మనకి తెలీదు. ఆటికీ మనమెవులమో తెలీదు. పగేటి పగ?" అంది.

అసలు భయం ఆ తరవాత మొదలయింది. ఆస్పత్రిలో మావయ్యకి బొడ్డు చుట్టూ సూదులు పొడవడం మొదలుపెట్టారు. కరిచిన కుక్కని కనిపెట్టుకుని ఉండండి, అది బాగుంటే మీకు బెంగ లేదు అన్నాడు డాక్టరు. దాంతో నాన్న డాకు పని దిగగానే ఆ వీధికి పోయి, ఆ బెంగాలీ అమ్మ ఇంటి ముందు నిలబడి కుక్కని చూసి వచ్చేవాడు. ఆయన సందు మలుపు తిరగగానే అందరం మొహంవైపు చూసేవాళ్ళం. మావయ్య ఎలా ఉన్నాడని కాదు, కుక్క ఎలా ఉందని అడిగేవాళ్ళు చుట్టుపక్కలవాళ్ళు. ఏ కుక్క తలుచుకుంటే నిద్రలో ఉలిక్కిపడేదాన్నో ఆ కుక్క చల్లగా ఉండాలని నేను దేవుడికి దండం పెట్టాను.

అన్నిటికన్నా ఘోరం మావయ్య నీళ్ళు తాగేవేళ. ఆయన గ్లాసు ఎత్తితే ఇంట్లో మాటలు ఆగిపోయేవి. అమ్మ పిల్లాడి వీపు తట్టడం మానేసేది. గుటక పడ్డాక గాని ఎవరికీ ఊపిరి ఆడేది కాదు. ఆయనకీ తెలుసు మేం చూస్తున్నామని. ఒకరోజు నీళ్ళు తాగి, "తాగీసేనర్రా, ఇక మీ పని సూసుకోండి" అని నవ్వబోయి భోరుమన్నాడు. ఆ పక్కనే అమ్మమ్మ చెంగు నోట్లో కుక్కుకుని కూర్చుని ఉంది.

కుక్క బతికింది. మావయ్యా బతికాడు, ముసలివాడై మనవల్ని ఎత్తుకున్నాడు. అమ్మకి పాలు కూడా పడ్డాయి, నల్లజీలకర్రకో, అమ్మమ్మ పక్కన ఉందన్న ధైర్యానికో. పాలసొర పోయినందుకు అమ్మమ్మ ఎవరినీ ఒక్క మాట అనలేదు. తమ్ముడు మొదటిసారి కడుపునిండా తాగి నిద్రపోయిన రోజున మాత్రం, నా చెయ్యి తీసుకుని మణికట్టు చూసింది. ఆవేళ ఆవిడ వేళ్ళు దిగిన చోట ఇంకా నల్లగా కమిలి ఉంది. "నొప్పెట్టిందేటే?" అంది. ఆవేళ నన్ను పట్టుకున్న ఆ చెయ్యి చెమటతో జారిపోతూ, గడగడా వణికిందని అప్పుడు గుర్తొచ్చింది. వణుకుతూనే వదల్లేదు.

ఇప్పటికీ నేను కలకత్తాలోనే ఉంటున్నాను. పొద్దున్నే నడకకి వెళ్తాను, తెలియని వీధిలో కుక్క లేచి నిలబడితే ఇప్పటికీ అడుగు ముందుకు పడదు. ఇంత వయసొచ్చీ భయమేమిటి, అది ఏమీ చెయ్యదు అంటారు పక్కన నడిచేవాళ్ళు. చెయ్యకపోవచ్చు. అది వాళ్ళకి తెలుసేమో, నాకు తెలియదు. తెలియని ప్రాణి ఎదటపడితే ఒళ్ళు జాగ్రత్తపడటంలో సిగ్గుపడాల్సింది ఏమీ కనబడదు నాకు. దాన్ని రాయెత్తి బెదిరించను, ముద్దుగా పిలవను. ఆగుతాను, చూపు దించుకుంటాను, దాని దారి దానికి వదిలి పక్కకి తప్పుకుంటాను.

మా చిన్న మనవరాలు నాతో నడకకి వస్తుంది. కుక్క కనబడితే నా కొంగులోకి దూరిపోతుంది. భయపడకు అని పిల్లకి నేను ఎప్పుడూ చెప్పలేదు. నాకు ఆ మాట చెప్పినవాళ్ళెవరూ ఆవేళ నా పక్కన నిలబడలేదు, నిలబడినావిడ ఆ మాట చెప్పలేదు. అందుకని పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంటాను. నా చెయ్యి వణుకుతుంటే వణుకుతున్నట్టు దానికి తెలియనిస్తాను. కుక్క వెళ్ళిపోయేదాకా ఇద్దరం కదలకుండా నిలబడి ఉంటాం.