వసుమతి నాటిన సైప్రస్

కమ్మింగ్ అనే ఊళ్లో వసుమతి ఇంటి వెనక పల్లంగా ఒక మూల ఉంది. వాన పడితే అక్కడ వారం రోజులు నీళ్లు నిలిచేవి. పెట్టిన దానిమ్మ కుళ్లిపోయింది, గులాబీలూ అంతే. నర్సరీలో పనిచేసే ఒకావిడ, తడి నేలకు ఇక్కడి అడవుల్లో పుట్టి పెరిగే చెట్టే సరిపోతుందని చెప్పి, నడుమెత్తు బాల్డ్ సైప్రస్ మొక్క ఇచ్చింది.

వసుమతి పక్క ఊరు అల్ఫారెట్టాలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. దేన్నీ పరీక్షించకుండా నమ్మదు. మొక్క గురించి అంతా చదివాకే నాటింది. మొక్క మొదలు దగ్గర చెక్కపొట్టు పరిచింది. జింకలు కొమ్ములు రుద్దకుండా చుట్టూ తీగవల కట్టింది.

నవంబర్‌లో సూదుల్లాంటి ఆకులు ఇటుకరంగుకు తిరిగి, అన్నీ రాలిపోయాయి.

పక్కింటి ధర్మారావు కంచె దగ్గర నిలబడి చూశాడు. "ఇట్లాంటి సూదాకుల చెట్లు ఎప్పుడైనా ఆకు రాలుస్తాయా అమ్మా? ఇది పోయింది."

"రాల్చే రకమే అంకుల్. స్ప్రింగ్ దాకా వెయిట్ చేద్దాం."

జనవరిలో కాలనీ అసోసియేషన్ నుంచి ఉత్తరం వచ్చింది. ఎండిన చెట్టును నెలలోగా తీసేయాలి.

"రిమూవ్ చేసేద్దాం. వాళ్లతో గొడవెందుకు?" అన్నాడు భర్త దామోదర్.

వసుమతి బయటికి వెళ్లి కొమ్మను గోటితో గీకింది. లోపల పచ్చగా ఉంది. "బతికుంది. బతికున్నదాన్ని ఎలా తీసేస్తాం?"

ఆమె పోట్లాడలేదు. అసోసియేషన్ ప్రెసిడెంట్‌ను ఇంటికి పిలిచి, ఆవిడ చేతే ఇంకో కొమ్మ గీకించింది. ఏప్రిల్ ఆఖరు వరకు గడువు దొరికింది.

ఏప్రిల్ వచ్చింది. వీధిలో మేపుల్ చెట్లన్నీ చిగిర్చాయి, ఇది చిగిర్చలేదు. వసుమతికీ లోపల భయం మొదలైంది. అయినా రోజూ ఆఫీస్‌కి వెళ్లేముందు వెళ్లి చూసేది. రెండో వారంలో ఒక ఉదయం కొమ్మల నిండా ఆవగింజలంత పచ్చటి చుక్కలు కనిపించాయి. వెంటనే ఫోన్ చేసింది.

"అంకుల్, ఒకసారి రండి!"

ధర్మారావు చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చి, చాలాసేపు వంగి చూశాడు. "డెబ్బై ఏళ్లొచ్చాయి. ఈ సంగతి తెలీదు నాకు," అన్నాడు.

ఇప్పుడు ఆ చెట్టు ఇంటి కప్పు దాటింది. కాలనీ చెరువు చుట్టూ మరో ఐదు నాటమని అసోసియేషనే వసుమతిని అడిగింది. పోయిన వేసవిలో వానలు ముఖం చాటేస్తే, ప్రతి ఆదివారం ఆమె ఆ ఐదు మొక్కలకూ బకెట్లతో నీళ్లు మోసింది. వద్దన్నా వినకుండా ధర్మారావు కూడా ఒక చిన్న బకెట్ పట్టుకుని వెంట నడిచాడు.